టన్ను చల్లదనం

ఆదివారం సాయంత్రం మా వూరికి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే మాట. గుంటూరు నుంచి కారులో వచ్చినా, చీరాల నుంచి స్కూటరు మీద ఆరేడు కిలోమీటర్లు వచ్చినా సరే, చెప్పులు చేతబట్టుకుని ఇసకలో నాలుగడుగులు వేసి, "అబ్బ! ఏం గాలండీ! మీకేం, అదృష్టవంతులు. ఫాను ఖర్చు కూడా లేదు" అంటారు. అనేసి చీకటి పడేసరికి వెళ్ళిపోతారు. రాత్రికి ఉండిపోయినవాళ్ళు రిసార్టులో ఏసీ గదిలో తలుపేసుకుని పడుకుంటారు. అంచేత వాడరేవులో రాత్రి పదింటికి గాలి ఎలా ఉంటుందో మాకు తప్ప ఎవరికీ తెలియదు.

అసలు మా వూరి గాలికి ఓ టైంటేబులు ఉంది. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కుతుంది, సముద్రం అంత తొందరగా వేడెక్కదు. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది గాలి వస్తుంది. మధ్యాహ్నం మొదలై సాయంత్రానికి జోరందుకునే ఆ గాలినే చుట్టాలు మెచ్చుకుని వెళ్ళేది. రాత్రయ్యేసరికి నేలకీ నీటికీ తేడా తగ్గిపోతుంది. ఇక గాలికి అటు పోవాలో ఇటు పోవాలో తెలియదు. తెల్లవారుజామున నేల బాగా చల్లారాక ఊరి వైపు నుంచి సముద్రం మీదికి మళ్ళీ కాస్త కదలిక వస్తుంది. ఈ రెంటి మధ్యా నాలుగైదు గంటలు కొబ్బరాకు కదిలితే ఒట్టు. పైగా మే నెలలో పడమటి వడగాడ్పు గట్టిగా ఉన్న రోజున ఆ సాయంత్రపు గాలి కూడా ఒడ్డుకి రావడానికి మొరాయిస్తుంది.

అప్పుడుండే ఉక్కపోత మీకు అనుభవంలోకి వచ్చి ఉండకపోతే మాటల్లో చెప్పడం కష్టం. తల తుడుచుకున్న తువ్వాలు ఆరదు. ఉప్పుడబ్బాలో ఉప్పు ముద్దవుతుంది. అగ్గిపుల్ల మూడోసారికి గాని అంటుకోదు. అప్పడాలు డబ్బాలోంచి తీసి నూనెలో వేసేలోపల మెత్తబడతాయి. ఇవన్నీ మేం పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎరిగినవే, వీటికోసం ఏసీ కొనాలని ఎవరికీ తోచలేదు.

తోచింది పోయినేడాది మే నెలలో. మా అమ్మకి ఎనభై రెండేళ్ళు. ఓ రాత్రి రెండింటికి లేచి చూస్తే వరండాలో గోడకి చేరగిలబడి కూచుని ఉంది. చీర పిండితే నీళ్ళు కారేటట్టుంది, చేతిలో విసనకర్ర ఉంది గాని విసురుకోవడం లేదు. పిలిస్తే వచ్చిన జవాబు ముద్దముద్దగా ఉంది. చీరాల తీసికెళ్ళాం. సెలైను ఎక్కించి, కుదుటపడ్డాక డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "మాష్టారూ, చెమట కారితే ఒళ్ళు చల్లబడదండీ, ఆరితే చల్లబడుతుంది. మీ వూళ్ళో రాత్రిపూట అది ఆరదు. ఉన్న నీరూ ఉప్పూ కారిపోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉండిపోతుంది. వచ్చే వేసవికి ఆవిడకి ఓ గది చూడండి" అన్నారు.

ఆయన ఊరికే బెదిరించలేదు. 2015 మే నెలలో వడగాడ్పులకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం ఒకటి. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడేదాకా మా వూరు ఆ జిల్లాలోనే ఉండేది. వడదెబ్బ అంటే నడినెత్తిన ఎండ అనే అనుకుంటాం. మేడ గదుల్లో, కిటికీలు లేని వంటిళ్ళలో, రాత్రి చల్లబడకపోవడం వల్ల పోయే ముసలి ప్రాణాల్ని వడదెబ్బ లెక్కలో వేసేవాళ్ళు తక్కువ.

సరే, ఏసీ కొందామని మేం అనుకున్న మాట వీధిలోకి ఎలా వెళ్ళిందో తెలియదు గాని, సలహాలు మొదలయ్యాయి. మొదటిది మా బావమరిది నుంచి. ఉద్యోగరీత్యా కర్నూల్లో ఉంటాడు.

"బావా, ఏసీ ఎందుకు దండగ? కూలరు కొను. దాని ఖరీదులో నాలుగోవంతుకి వచ్చిద్ది. మా ఇంట్లో మేలో కూడా దుప్పటి కప్పుకుంటన్నాం తెలుసా?"

"మీ వూళ్ళో అయిద్దిరా, మా వూళ్ళో కాదు."

"కూలరుకి ఊరు తెలుసా ఏంది?"

తెలుసు మరి. కూలరు చేసే పనల్లా తడిసిన గడ్డిలోంచి గాలిని లాగడం. ఆ నీరు ఆవిరవుతూ గాలిలో ఉన్న వేడిని పట్టుకుపోతుంది. కర్నూలు గాలికి మేలో దాహం, ఎంత నీరు పోసినా తాగేస్తుంది. మా గాలికి కడుపు నిండిపోయి ఉంటుంది, ఇంకో చుక్క పట్టదు. ఇక్కడ కూలరు పెడితే ఉక్కపోతకి ఉక్కపోత కలిపినట్టే. చెమట ఆరకపోవడానికీ కూలరు పనిచెయ్యకపోవడానికీ కారణం ఒక్కటేనన్నమాట. వెనకటి రోజుల్లో దొరల బంగళాల్లో కిటికీలకి వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చిలకరించేవాళ్ళు. ఆ వైభోగం కూడా పొడిగాలి ఊళ్ళలోనే చెల్లేది.

మా బావమరిదికి చెప్పడం కోసం కొంచెం చదివితే ఓ తమాషా తెలిసింది. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు మొదటి ఏసీకి నమూనా గీసింది మనుషుల సుఖం కోసం కాదుట. బ్రూక్లిన్‌లో ఓ రంగుల అచ్చాఫీసు కోసం. వేసవి తేమకి కాయితం సాగిపోయి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూచునేది కాదు. గాలిలో తేమ తగ్గించమని వాళ్ళడిగారు. అంటే మీ చేతిలో ఉన్నలాంటి పత్రిక బొమ్మలు అలుక్కుపోకుండా ఉండటానికి పుట్టిన యంత్రం అది.

ఇంకో తమాషా, 'ఎయిర్ కండిషనింగ్' అనే పేరు పెట్టినాయన స్టూవర్ట్ క్రామర్, 1906లో. ఆయన బట్టల మిల్లుల ఇంజనీరు. ఆయనకి కావలసింది తేమ తగ్గించడం కాదు, పెంచడం! పొడిగాలికి నూలు పెళుసెక్కి తెగిపోతుంది. ఈ ముక్క మా చీరాల నేతగాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గుంటమగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూచున్నవాడికి నేల చెమ్మ విలువేమిటో తెలుసు. అదే చెమ్మ నేతగాడి నూలుకి మేలు, మా అమ్మ ఊపిరికి కీడు. చెప్పొచ్చేదేమిటంటే, ఈ యంత్రం పుట్టినప్పటినుంచీ దాని పేచీ ఎండతో కన్నా తేమతోనే ఎక్కువ. మా వూరివాడు కొనాల్సింది చల్లదనం కాదు, పొడిదనం. ఈ ఒక్క మాట కొట్టుకి వెళ్ళేముందు కొంగున ముడేసుకోమని మా ఆవిడతో అంటే, "నేను పంజాబీ డ్రెస్సు వేసుకున్నానండీ" అంది.

కొట్టులో కుర్రవాడు మర్యాదస్తుడే. గది కొలతలు చెప్పాను. పన్నెండడుగుల పొడవు, పదకొండు వెడల్పు, పది ఎత్తు. "ఒకటిన్నర టన్ను తీసుకోండి సార్. అయిదు నిమిషాల్లో ఫ్రిజ్ అయిపోద్ది" అన్నాడు. అయిదు నిమిషాల్లో ఫ్రిజ్ అయిపోవడమే నాకు వద్దు. పెద్ద యంత్రం గబగబా గాలిని చల్లబరిచేసి, నా పనయిపోయిందని ఆగిపోతుంది. తేమ అంత తొందరగా పోదు. చల్లటి గొట్టాల మీద అది మంచులా పట్టి, బొట్లు కట్టి, కారి బయటికి పోవడానికి యంత్రం తీరిగ్గా నడుస్తూ ఉండాలి. ఆగి ఆగి నడిస్తే గొట్టం మీది నీరు మళ్ళీ గదిలోకే ఆవిరవుతుంది. అప్పుడు గది ఎలా ఉంటుందంటే, చల్లగా జిగటగా, తడిబట్ట కప్పుకున్నట్టుంటుంది. ఈ గదికి ఒక టన్ను చాలు.

'టన్ను' అన్న మాట మా ఇంట్లో పెద్ద గలాభా చేసింది. "ఒరే అబ్బాయ్, టన్ను బరువుని ఆ గోడకి వేలాడదీస్తే గోడ ఆగుతుందా? అది మీ తాతగారి రోజుల్లో మట్టీ సున్నంతో కట్టిన గోడరా" అంది అమ్మ. బరువు కాదు, చల్లబరిచే శక్తికి కొలత అని నేను ఎంత చెప్పినా ఆవిడకి నమ్మకం చిక్కలేదు. మా పక్కింటి పెద్దాయన వచ్చి ఒక్క నిమిషంలో తేల్చేశాడు. ఆయనది పడవ, వల, ఐసు లెక్కల్లో గడిచిన జన్మ. ఓ టన్ను ఐసు రోజంతా కరిగితే ఎంత వేడి లాగేస్తుందో అంత లాగే యంత్రం అని నేను చెప్పగానే, "అంటే రోజుకి టన్ను ఐసు గదిలో పేర్చినట్టన్నమాట. మరి చేపలకే అంతైతే మనిషికి తక్కువేం కాదులే మాష్టారూ" అన్నాడు. సరిగ్గా అంతే. ఆ టన్ను అమెరికా టన్ను, రెండువేల పౌన్లు, అంటే మన లెక్కలో 907 కిలోలు. రిఫ్రిజిరేటర్లు రాకముందు చల్లదనమంటే ఐసే కాబట్టి ఆ కొలతే నిలిచిపోయింది. ఆయన ముందు నా సైన్సు మాష్టరీ ఎందుకూ కొరగాకుండా పోయిందని మా ఆవిడ వారం రోజులు చెప్పుకుంది.

ఇక ఇన్వర్టరు ఏసీ. ఇన్వర్టరంటే కరెంటు పోయినా నడుస్తుందని కొట్టుకొచ్చిన నలుగురిలో ముగ్గురు అనుకుంటున్నారు, కొట్టువాళ్ళు కాదని గట్టిగా చెప్పడమూ లేదు. బ్యాటరీ పెట్టెకీ దీనికీ చుట్టరికం పేరులోనే. ఇందులో కంప్రెసరు ఒకే వేగంతో కాకుండా అవసరాన్నిబట్టి నెమ్మదిగానూ జోరుగానూ తిరుగుతుంది. నెమ్మదిగా ఎక్కువసేపు నడవడం మా తేమకి నప్పే గుణం, అందుకని అదే తీసుకున్నాం. ఫాను మాత్రం తక్కువలో పెట్టాలి, గాలి చల్లటి గొట్టాల్ని తాకుతూ నిదానంగా పోతేనే నీరు దిగుతుంది. రిమోటు మీద నీటిబొట్టు బొమ్మతో ఓ మీట ఉంటుంది, తేమ తీసేందుకు. చాలా ఇళ్ళల్లో దాన్ని ఎవరూ నొక్కిన పాపాన పోరు.

చుక్కల సంగతి కూడా చెప్పాలి. చుక్కలు ఎన్ని ఎక్కువైతే అంత పొదుపు, నిజమే. కాని ఆ కొలత అప్పుడప్పుడు బిగిస్తూంటారు, అంచేత నిన్నటి అయిదు చుక్కలు ఇవాళ్టి అయిదు కాకపోవచ్చు. చుక్కల కింద ఐ.ఎస్.ఇ.ఇ.ఆర్. అని ఓ అంకె ఉంటుంది, పోల్చుకోవలసింది దాన్ని. ఆ పక్కనే ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసేది 1600 గంటల వాడకానికి. ఇంకో చిన్న మెలిక ఉంది. పరీక్షించేటప్పుడు గదిలో 27 డిగ్రీలు, తేమ సగంకన్నా కాస్త తక్కువ ఉండేటట్టు చూస్తారు. తేమ సగంకన్నా తక్కువ ఉండే మే రాత్రి మా వూళ్ళో ఏదో, ఆ పరీక్ష చేసేవాళ్ళు ఒకసారి వచ్చి చూపిస్తే బాగుండును. అంచేత చీటీ మీది యూనిట్ల కంటే మా బిల్లు ఓ పిసరు ఎక్కువే వస్తుందని ముందే లెక్క వేసుకున్నాను.

ఇంతవరకూ బుద్ధికి సంబంధించిన గొడవ. అసలు గొడవ కిటికీ దగ్గర వచ్చింది.

అమ్మకి కేటాయించింది పెంకుటింటి పక్కన తరవాత వేసిన డాబా గది. పెంకుటింట్లో ఏసీ పెట్టడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే. ఈ గదికి ఉన్నది ఒకటే కిటికీ, తూర్పువైపు, సముద్రం కనిపించేది. అమ్మ పదిహేడో యేట కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ అరవై అయిదేళ్ళుగా ఆ హోరు వింటూనే పడుకుంటోంది. హోరు మారితే పడుకునే చెప్పేస్తుంది, రేపు గాలి తిరుగుతుందని. చాలాసార్లు తిరిగింది కూడా. విండో ఏసీ అయితే ఖరీదు తక్కువ, గోడలో గొట్టాలు లేవు, బిగించడం సులువు, పాడైతే ఊడదీసి ఆటోలో వేసుకు పోవచ్చు. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. కాని అది కూచునేది ఆ కిటికీలో. ఉన్న ఒక్క కిటికీని ఇనప్పెట్టెతో మూసేసి ఆవిణ్ణి చల్లగా ఉంచుతానంటే, నాకే ఏదోలా అనిపించింది. అమ్మ మాత్రం వద్దనలేదు. "మీకు ఎట్టా వీలైతే అట్టా పెట్టండ్రా" అంది. ఆవిడ అట్టా అందంటే మాకు తెలుసు.

స్ప్లిట్ తీసుకున్నాం. నాలుగైదు వేలు ఎక్కువైంది, అయితే అయింది.

స్ప్లిట్ అంటే రెండు ముక్కలు కదా, రెండోది ఎక్కడ పెట్టాలనేది మరో పంచాయితీ. మెకానిక్కు వచ్చి సందువైపు గోడ చూపించి, "ఇక్కడైతే పైపు పొడుగు తక్కువ సార్, ఖర్చు కలిసొస్తుంది" అన్నాడు. ఆ సందు మాదీ, పక్కింటివాళ్ళదీ. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలేవీ సముద్రంలోకి వెళ్ళవు. అంటే సరిగ్గా మా ఏసీ నడిచే రోజుల్లోనే పక్కింటి మగవాళ్ళంతా ఇంటిపట్టున ఉంటారు. పగలు ఆ సందులోనే వలలు బాగుచేసుకుంటారు, రాత్రి ఆ సందులోనే మడతమంచాలు వాల్చుకుని పడుకుంటారు, పిల్లలతో సహా. ఏసీ వేడిని మాయం చెయ్యదు. ఇక్కడిది తీసుకెళ్ళి అక్కడ పోస్తుంది, పైగా అది తినే కరెంటు తాలూకు వేడి కూడా కలుపుతుంది. మా అమ్మ గదిలోంచి తోడిన ఉక్కనంతా తెచ్చి పక్కింటి పసిపిల్లల మొహాన ఊదడం కోసమా ఇంత ఖర్చు? గాలి ఆడని ఆ నాలుగైదు గంటల్లోనే ఊదుతుంది కూడాను. పెద్దాయన మొహమాటానికి "పర్లేదులే మాష్టారూ" అనేవాడే. అనిపించుకోవడం నాకిష్టం లేదు.

అంచేత డాబా మీదికి ఎక్కించాం. గొట్టం పొడుగు పెరిగింది, మెకానిక్కు గొణిగాడు. డాబా మీద ఎండ తగులుతుందని ఇంకో అభ్యంతరం చెప్పాడు. మేం నడిపేది రాత్రిపూట గనక అది పెద్ద నష్టం కాదు. అదే ఊపులో డాబా అంతా సున్నం కొట్టించాను. తెల్లటి డాబా ఎండని వెనక్కి కొడుతుంది. ఈ చవక వైద్యం ఏసీ కొనని ఇంటికి కూడా పనికొస్తుంది సుమండీ, ఆ మాటకొస్తే ముందు చెయ్యాల్సింది అదే.

డాబా మీద పెట్టాక మాకున్న ఇద్దరు శత్రువులు ఉప్పూ, తుపానూ. ఇనుముకి మా వూళ్ళో ఆయుష్షు తక్కువ. సైకిలు గొలుసు, గేటు మడతబందులు, కిటికీ ఊచలు అన్నీ పొరలు పొరలుగా లేచిపోతాయి. యంత్రంలో రాగి గొట్టాలకి అల్యూమినియం రేకులు అంటుకుని ఉంటాయి. రెండు లోహాలు కలిసినచోట ఉప్పుచెమ్మ చేరిందంటే అల్యూమినియం పిండి అయిపోతుంది. దానికే రేకులకి నీలంరంగు పూత వేసి అమ్ముతున్నారు. అది కొంత కాపాడుతుంది గాని సముద్రం పక్కన ఎల్లకాలం కాపాడదు. నెలకోసారి మంచినీళ్ళతో, కరెంటు ఆపి, మెల్లగా కడగాలి. మా వూరి బోరునీళ్ళు ఉప్పు, వాటితో కడిగితే చేసిన ఉపకారం అంతా పోతుంది. ఇక తుపాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ గాలి చూసినవాడెవడూ డాబా మీద ఏ వస్తువునీ ఊరికే వదలడు. సిమెంటు దిమ్మె కట్టించి, గాల్వనైజ్ చేసిన బోల్టులతో బిగించాం. మామూలు బోల్టులు వేస్తానన్న మెకానిక్కుకి మా గేటు చూపిస్తే నోరెత్తలేదు.

ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. యంత్రం దానంతటది 24 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, 2020 నుంచి అలా ఉండాలని రూలు. అమ్మకి అది చలి. 27 దగ్గర పెట్టి, పైన ఫాను నెమ్మదిగా తిప్పితే ఆవిడకి సరిపోయింది. తేమ పోయాక 27 అంటే ఎంత హాయో మావూరివాళ్ళకి చెబితే నమ్మరు. రాత్రి తొమ్మిదిన్నరకి వేస్తాం. మూడున్నరకి ఆగిపోయేటట్టు టైమరు పెట్టాం. ఆరు గంటలకి మూడు, నాలుగు యూనిట్ల మధ్య తిరుగుతోంది మీటరు. స్లాబు దాటకుండా మా ఆవిడ పగటిపూట మిగతావాటి మీద నిఘా వేసింది, నా ఇస్త్రీ మీద కూడా.

డ్రెయిన్ గొట్టం కింద ఓ బకెట్టు పెట్టాను. మొదటి రోజు పొద్దున్న చూస్తే అయిదారు లీటర్ల నీళ్ళున్నాయి. లెక్క వేస్తే ఆ గది గాలి మొత్తంలో ఆవిరిగా ఉండేది ఓ లీటరుకి మించదు, అందులో తీసేది సగమే. మరి మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందీ? పాత తలుపు సందుల్లోంచి, గడప కింది నుంచి, బయటి చెమ్మ లోపలికి వస్తూనే ఉంది. ఒక్క లీటరు ఆవిరిని నీరుగా దింపడానికి లాగాల్సిన వేడితో ఎనిమిది లీటర్ల బావినీళ్ళు మరగబెట్టచ్చు. కరెంటు డబ్బులు ఆ సందుల్లోకి పోతున్నాయన్నమాట. పాత కంబళి చీల్చి తలుపు చుట్టూ మేకులు కొట్టాం. మర్నాటికి బకెట్లో నీళ్ళు తగ్గాయి. నీళ్ళు తగ్గితే సంతోషించిన ఇల్లు మా వూళ్ళో మాదొక్కటే అయ్యుంటుంది.

ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, దుమ్మూ ధూళీ కడుక్కుని వస్తాయి. కాని ఉప్పులేదు. ఉప్పునీళ్ళకి ఏళ్ళ తరబడి ఆకుల అంచులు మాడ్చుకుంటున్న మా మల్లెపాదుకి అవి పోయడం మొదలెట్టింది అమ్మ. పక్కింటి కోడలు చూసి, "అత్తా, రేపటి బకెట్టు నాకు" అని అడిగింది. ఇప్పుడు వంతులు. ఆదివారం, బుధవారం వాళ్ళవి.

మూడున్నరకి యంత్రం టక్కుమని ఆగుతుంది. ఆ చప్పుడుకే అమ్మ లేచి, కిటికీ రెక్కలు రెండూ తీసి మళ్ళీ పడుకుంటుంది. తలుపు కూడా తీస్తే పడమటి నుంచి కాస్త గాలి వస్తుంది గాని, ఆవిడ తలుపు తియ్యదు, కిటికీ ఒక్కటే తీస్తుంది. మొన్న పొద్దున కాఫీ ఇస్తూ, రాత్రి బాగా నిద్ర పట్టిందా అని అడిగాను.

"పట్టింది. హోరు తేడాగా ఉందిరా, వడియాలు ఇవాళ పెట్టవద్దని మీ ఆవిడతో చెప్పు" అంది.